కార్బొరేటర్ కింద బెజ్జం

మా డెట్రాయిట్ వైపు ఆగస్టు మూడో శనివారం వచ్చిందంటే వుడ్‌వర్డ్ ఎవెన్యూ పొడుగునా పాత కార్ల తిరునాళ్ళే. 1995లో మొదలైన వేడుక. కోవిడ్ పుణ్యమా అని 2020లో ఒకసారి ఆగింది తప్ప ఏటా జరుగుతూనే ఉంది. మైళ్ళ తరబడి క్రోమియం మెరుపులు, తెల్ల అంచు టైర్లు, గత శతాబ్దపు రంగులు. వచ్చిన జనం వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే నేను మాత్రం బానెట్ ఎత్తిపెట్టిన పాత ఫోర్డు దగ్గర ఆగి, వంగి, కార్బొరేటర్ కిందికి తొంగి చూస్తుంటాను. మా ఆవిడ నేనెవరో తెలియనట్టు రెండు కార్లు అవతల నిలబడుతుంది.

అక్కడ చూడాల్సింది ఒక చిన్న బెజ్జం. చిటికెన వేలు కూడా పట్టదు. దానికి ఇత్తడి మూతి ఒకటి బిగించి ఉంటుంది, అక్కణ్ణించి సన్నటి గొట్టం ఎక్కడికో పోతుంది. ఎక్కడికి పోతోంది? వైపర్‌కా, డిస్ట్రిబ్యూటర్‌కా, బ్రేకులకా? కార్బొరేటర్‌కీ దాని కిందున్న మానిఫోల్డుకీ మధ్య ఏదైనా దిమ్మ దూర్చారా? దూరిస్తే అది అల్యూమినియమా, బేకలైటా? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు దొరికితే ఆ కారు ఏ కాలంలో ఎలాంటి చేతుల్లో పడిందో చాలావరకు చెప్పెయ్యొచ్చు. నన్నడిగితే అమెరికన్ సామాన్యుడి కారు చరిత్రలో సగం ఆ బెజ్జం చుట్టూనే తిరిగింది. మరీ చెబుతున్నాడనిపిస్తే కాస్త ఓపిక పట్టండి.

ముందు ఇంజన్ సంగతి. ఇప్పటి ఇంజన్లలో వాల్వులు సిలిండర్ నెత్తి మీద ఉంటాయి. ఫ్లాట్‌హెడ్ ఇంజన్లో అలా కాదు, సిలిండర్ పక్కనే, బ్లాకులోనే నిలబడి ఉంటాయి. పైన కప్పే హెడ్డులో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. అదొక చదునైన మూత, అంతే. అందుకే ఆ పేరు. బ్రిటిష్ వాళ్ళు దీన్నే సైడ్ వాల్వ్ అన్నారు. పోత పొయ్యడం తేలిక, బాగుచెయ్యడం అంతకంటే తేలిక. కాకపోతే గాలి మెలికలు తిరుగుతూ లోపలికి రావాలి, మెలికలు తిరుగుతూ బయటికి పోవాలి కనక ఇంజన్ సైజుకి తగ్గ బలం రాదు.

ఈ జాతిలో అందరికన్నా పేరు మోసింది 1932 మార్చిలో హెన్రీ ఫోర్డు విడుదల చేసిన వీ-8. 221 ఘనపుటంగుళాలు, 65 గుర్రాల శక్తి. దేశమంతా ఉద్యోగాలు పోయి బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో, అంతవరకూ కాడిలాక్ లాంటి డబ్బున్నవాళ్ళ బళ్ళలో ఉండే ఎనిమిది సిలిండర్లని 460 డాలర్లు మొదలుకొని అమ్మాడు. రెండు వరసల సిలిండర్లనీ ఒకే ముక్కగా, చవగ్గా, లక్షల్లో పోత పొయ్యగలగడమే ఆయన సాధించిన ఘనకార్యం. 1953 దాకా అమెరికాలో ఆ ఇంజన్ వచ్చింది. చివరికి 110 గుర్రాలకి చేరింది. దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటి ఉంది, తర్వాత పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి: కాలిన పొగ బయటికి పోయే దారులు బ్లాకు లోపలినుంచి, చల్లబరిచే నీళ్ళ మధ్యనుంచి పోతాయి. అంటే ఇంజన్ తన పొయ్యి మీద తన నీళ్ళే కాచుకుంటుందన్నమాట.

ఇహ బెజ్జం. కార్బొరేటర్ అడుగున ఒక గుండ్రటి రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. కింద పిస్టన్లు గాలి కోసం పీలుస్తుంటాయి, పైన రేకు అడ్డం. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి, ఆ స్ట్రాని వేళ్ళతో నొక్కి పట్టుకుని పీల్చి చూడండి, బుగ్గలు లోపలికి పోతాయి. కార్లో ఆ బుగ్గల స్థానంలో ఉన్నదే ఇన్‌టేక్ మానిఫోల్డు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం దాదాపు 30 అంగుళాల పాదరసం ఎత్తుకి సమానం. ఒంట్లో బాగున్న ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు మానిఫోల్డులో అంతకంటే 18 నుంచి 20 అంగుళాలు తక్కువ ఉంటుంది. 20 అంగుళాలంటే చదరపు అంగుళానికి ఇంచుమించు 10 పౌండ్ల తోపు. ఎనిమిది అంగుళాల వ్యాసమున్న రబ్బరు పొరకి ఆ వాక్యూమ్ తగిలిస్తే 500 పౌండ్ల బలంతో లాగుతుంది. దీనికి విడిగా మోటారు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఒక బెజ్జం, ఒక గొట్టం చాలు. అప్పటి కార్లలో కరెంటు చాలావాటికి 6 వోల్టులే, దీపాలకే ఆయాసపడేది. ఎటూ వృథాగా పోతున్న పీల్పుని ఎవడు మాత్రం వదులుకుంటాడు?

వదులుకోలేదు. ముందుగా వాడుకున్నది పెట్రోలు ఎక్కించడానికి. ట్యాంకేమో వెనకాల కింద, కార్బొరేటరేమో ముందు పైన. ఫోర్డు మోడల్ టీలో ట్యాంకు సీటు కింద ఉండి పెట్రోలు వాలుకి జారాల్సి వచ్చేది కనక, ట్యాంకు అడుగంటినప్పుడు కొండని రివర్సులో ఎక్కిన కథలు ఇక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మిగతా కంపెనీలు చాలా వరకు 1910ల మధ్యనుంచి ఇంజన్ పక్కన ఒక చిన్న డబ్బా పెట్టి, దాన్ని మానిఫోల్డు బెజ్జానికి కలిపాయి. డబ్బాలో వాక్యూమ్ ఏర్పడి వెనకనుంచి పెట్రోలు పైకి వచ్చేది, అక్కణ్ణించి కార్బొరేటర్‌లోకి జారేది. మరమేకు తప్ప మోటారు లేని పంపు.

తర్వాత వైపర్లు. అద్దం తుడిచే చేతికర్రకి అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్ 1903లోనే పేటెంటు తీసుకుంది, కాని దాన్ని మనిషే తిప్పాలి. బఫెలోలో జాన్ ఒయిషై అనే నాటకశాల మేనేజరు ఒక వానరాత్రి కారు నడుపుతూ సైకిల్ మీద పోతున్న మనిషిని గుద్దాడు. ఆ దెబ్బతో వైపర్ల వ్యాపారంలోకి దిగాడు, అదే ట్రైకో కంపెనీ. 1920ల్లో ఆ కంపెనీ వాక్యూమ్ వైపర్లు అమెరికన్ కార్లలో చాలావాటికి పాకాయి. 1928లో పియర్స్-యారో కారుకి వాక్యూమ్ బ్రేకు బూస్టర్ వచ్చింది. 1939లో ప్లిమత్ కన్వర్టిబుల్ టాపుని వాక్యూమే ఎత్తి దించింది, అదే ఏడు షెవ్రొలేలో గేరు మార్చడానికి వాక్యూమ్ సాయం పెట్టారు. ఇంజన్ మీద బెజ్జాలు పెరుగుతూ పోయాయి. ఉమ్మడి కుటుంబంలో ఒక్క సంపాదనపరుడు ఉంటే ఏమవుతుందో మనకి తెలిసిందే.

ఇందులో చిక్కేమిటో ఇప్పటికే మీకు తట్టి ఉంటుంది. రేకు మూసి ఉంటేనే వాక్యూమ్. యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే రేకు పూర్తిగా తెరుచుకుంటుంది, స్ట్రా మీద వేళ్ళు తీసేసినట్టే, బుగ్గలు మామూలైపోతాయి. అంటే బండికి శ్రమ ఎక్కువైన క్షణంలోనే ఈ ఉచిత బలం మాయం. వానలో కొండ ఎక్కుతున్నారు, కాలు తొక్కి ఉంది, వైపర్ సగం అద్దం దాకా వచ్చి నిలబడిపోయింది. ఎదురుగా లారీ. ఏం చేసేవాళ్ళంటే, యాక్సిలరేటర్ మీంచి ఒక్క క్షణం కాలు తీసేవాళ్ళు, వైపర్ గబుక్కున ఒకసారి తుడిచేది, మళ్ళీ తొక్కేవాళ్ళు. ఒక తరం అమెరికన్లు అలాగే కొండలెక్కారు. పెట్రోలు డబ్బాకీ అదే గతి: పొడుగాటి ఎక్కుడులో వాక్యూమ్ లేక డబ్బా ఖాళీ అయిపోయి ఇంజన్ ఆగిపోయేది. దానికి విరుగుడుగా పెట్రోలు పంపుకే ఇంకో పొర తగిలించి వైపర్ కోసం విడిగా గాలి పీల్పించారు, కొందరు వాక్యూమ్ దాచుకునే డబ్బాలు పెట్టారు. అయినా వాక్యూమ్ వైపర్లు 1970ల మొదటి దాకా కొన్ని కార్లలో బతికే ఉన్నాయి. చవకబేరం అంత తేలిగ్గా చావదు.

నాకు బాగా నచ్చే సంగతేమిటంటే, ఈ లోపాన్నే ఫోర్డు ఇంజనీర్లు 1932లో గుణంగా వాడుకోవడం. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వ కాస్త ముందుగా పడాలి. అదే అడ్వాన్సు. డిస్ట్రిబ్యూటర్లో తిరిగే బరువులు ఆ పని చూస్తాయి. కాని బండి బరువు లాగుతున్నప్పుడు అంత ముందుగా పడితే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. బరువు లాగుతోందని డిస్ట్రిబ్యూటర్‌కి చెప్పేదెవరు? మానిఫోల్డు వాక్యూమ్ చెబుతుంది, పడిపోయి. అందుకని ఆ బరువులకి ఒక చిన్న బ్రేకు పెట్టారు. మామూలుగా వాక్యూమ్ ఆ బ్రేకుని వెనక్కి లాగి పట్టుకుంటుంది. కాలు గట్టిగా తొక్కగానే వాక్యూమ్ పడిపోతుంది, స్ప్రింగు బ్రేకుని నొక్కుతుంది, అడ్వాన్సు తగ్గుతుంది. సెన్సార్ అన్న మాట కార్ల దగ్గర ఎవరూ వినని కాలంలో అది సెన్సారే. ఇప్పటి కార్లలో మానిఫోల్డు పీడనం కొలిచి కంప్యూటర్‌కి చెప్పే ముక్క ఉంటుంది, దానికి పూర్వీకుడు ఆ బెజ్జమే.

1949లో ఫోర్డు కొత్త మోడల్‌తో పాటు ఇంజన్నీ సవరించింది. ఈసారి ఇంకో అడుగు ముందుకేసి, డిస్ట్రిబ్యూటర్లోంచి తిరిగే బరువుల్ని పూర్తిగా పీకేశారు. మొత్తం అడ్వాన్సంతా వాక్యూమే చూసుకుంటుంది. దానికి లోడ్-ఓ-మాటిక్ అని పేరు. ఇది అర్థం కావాలంటే బెజ్జం ఎక్కడ పెట్టామన్నది చూడాలి, ఎందుకంటే చోటుని బట్టి మూడు రకాల వాక్యూమ్‌లు దొరుకుతాయి. రేకు కింద పెడితే అచ్చమైన మానిఫోల్డు వాక్యూమ్: రేకు మూస్తే ఎక్కువ, తెరిస్తే ఇంచుమించు సున్నా. మూసిన రేకు అంచుకి ఆనీ ఆనకుండా కాస్త పైన పెడితే, ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఏమీ ఉండదు, రేకు కొంచెం కదిలి బెజ్జాన్ని దాటాక తగులుతుంది. ఇంకా పైన, కార్బొరేటర్ గొంతు సన్నబడే చోట, అంటే వెంచురీలో పెడితే లెక్క తిరగబడుతుంది: ఎంత గాలి పరిగెడితే అంత వాక్యూమ్. అక్కడ బలం తక్కువే, కాని కాలు పూర్తిగా తొక్కినప్పుడు కూడా అది ఉంటుంది, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. లోడ్-ఓ-మాటిక్ కోసం హోలీ కంపెనీ కార్బొరేటర్లో రెండో రకాన్నీ మూడో రకాన్నీ లోపలే కలిపి, ఒకే గొట్టంలో డిస్ట్రిబ్యూటర్‌కి పంపించారు. వేగం కబురూ, బరువు కబురూ రెండూ ఆ ఒక్క గొట్టంలోనే పోతాయి. చవకలో ఇంత తెలివైన ఏర్పాటు ఇంకోటి చూడలేదు నేను. కాని అది ఆ కార్బొరేటర్‌తోనే పని చేస్తుంది. ఇంకో దాంతో చెయ్యదు.

మా పక్కింటి పెద్దాయన కథ ఇక్కడ వస్తుంది. నలభై ఏళ్ళు అచ్చులూ డైలూ చేసి రిటైరయినాయన. కొన్నేళ్ళ క్రితం 1950 ఫోర్డు ఒకటి కొన్నాడు. ఇంజన్ మీద తళతళలాడే అల్యూమినియం మానిఫోల్డు, దాని మీద రెండు స్ట్రామ్‌బర్గ్ 97 కార్బొరేటర్లు, ఒక్కోదాని కిందా అంగుళం మందం అల్యూమినియం స్పేసర్. చూడ్డానికి నిజంగా బాగుంటుంది. దీనికీ చరిత్ర ఉంది: 1930ల చివర్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు ఎండిపోయిన చెరువుల్లో పందేలు పెట్టుకునేప్పుడు, విక్ ఎడెల్‌బ్రాక్ లాంటివాళ్ళు ఫోర్డు వీ-8కి రెండు కార్బొరేటర్ల మానిఫోల్డులు పోత పోశారు. వాళ్ళకి ఇష్టమైన కార్బొరేటర్ 97. 1936లో ఫోర్డు వాడినదే, గొంతు 0.97 అంగుళం కాబట్టి ఆ పేరు. తర్వాత వచ్చిన హోలీది 0.94 అంగుళం, దాన్ని 94 అంటారు. రెండిటికీ అడుగున మూడే బోల్టులు, బోల్టుల మధ్య దూరమూ ఒకటే. తీసి పెట్టుకోవచ్చు, చక్కగా కూర్చుంటుంది.

కూర్చుంటుంది, అంతే. 97 పుట్టేనాటికి లోడ్-ఓ-మాటిక్ లేదు, దానికి కావల్సిన ఆ రెండు బెజ్జాల కలయికా లేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీకి అడాప్టర్ పెట్టి ఇక్కడి గోడలో దూర్చినట్టు: ప్లగ్గు పడుతుంది, వోల్టేజి పడదు. మరి డిస్ట్రిబ్యూటర్ గొట్టం ఖాళీగా వేళ్ళాడుతుంటే పాత యజమాని ఏం చేశాడంటే, స్పేసర్ పక్కన బెజ్జం తొలిచి అక్కడ బిగించాడు. స్పేసర్ ఉండేది రేకు కింద. అంటే అచ్చమైన మానిఫోల్డు వాక్యూమ్. చదును రోడ్డు మీద నింపాదిగా పోతుంటే వాక్యూమ్ బోలెడంత, అడ్వాన్సు పూర్తిగా వస్తుంది, కారు బాగున్నట్టే ఉంటుంది. హైవే ర్యాంపు ఎక్కుతూ కాలు తొక్కగానే వాక్యూమ్ సున్నా, అడ్వాన్సూ సున్నా. బరువులు తీసేశారు కదా, ఆదుకునేవాళ్ళు లేరు. నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది, మంట సిలిండర్లో పూర్తిగా పని చెయ్యకుండానే పొగదారిలోకి పోతుంది. పొగదారులు నీళ్ళ మధ్యనుంచి పోతాయని చెప్పాను కదా. నీళ్ళు మరుగుతాయి.

ఆ కారుతో పాటు వచ్చిన రసీదుల కట్ట చూశాను నేను. కొత్త రేడియేటర్. రెండు కొత్త నీళ్ళ పంపులు. పెద్ద ఫ్యాను. ఆ తర్వాత ఇంకో రేడియేటర్. స్పేసర్లు కూడా ఆ వేడి తగ్గించడానికే పెట్టి ఉంటారని పెద్దాయన అనుమానం. వేడికి మందుగా దిమ్మ దూర్చి, ఆ దిమ్మకే బెజ్జం తొలిచి వేడిని ఇంకా పెంచారన్నమాట. పైగా అల్యూమినియం దిమ్మ వేడిని ఆపదు, పైకి మోసుకుపోతుంది. మన వంటింట్లో అల్యూమినియం గిన్నెలు ఎందుకు వాడతామో ఆ కారణం చేతనే.

పెద్దాయన మొదటి రోజు ఏ పనిముట్టూ ముట్టుకోలేదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేలు పెట్టి గొట్టం వెంబడే వేలు జరుపుకుంటూ స్పేసర్ దాకా వచ్చాడు. "ఇది రేడియేటర్ రోగం కాదు, పెద్ద కంపెనీ వాడి తెలివి అర్థం కాని వాడి రోగం" అన్నాడు. ఈ ముక్క చెప్పగలిగిన వాళ్ళు తన పాత షాపులో నలుగురు ఉండేవాళ్ళట. వాళ్ళలో తనొక్కడే మిగిలాడు.

దీనికి రెండు దార్లు. తిరిగే బరువులున్న వేరే డిస్ట్రిబ్యూటర్ కొని రెండు 97లనీ ఉంచుకోవడం ఒకటి. మళ్ళీ ఒక్క 94కి పోవడం రెండోది. డిక్కీలో అట్టపెట్టెలో అసలు మానిఫోల్డూ 94 కార్బొరేటరూ పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఉన్నాయి. ఆయన రెండో దారే పట్టాడు. నాకూ అదే సబబనిపించింది, అందం కొంత పోయినా. 94లో ఇంకో వాక్యూమ్ పని కూడా ఉంది: కొండెక్కేప్పుడు అదనంగా పెట్రోలు వదిలే పవర్ వాల్వు మానిఫోల్డు వాక్యూమ్ పడిపోతేనే తెరుచుకుంటుంది. 97లో ఆ పని యాక్సిలరేటర్ కడ్డీయే నేరుగా చేస్తుంది. అందుకే కుర్రాళ్ళు 97ని ఇష్టపడ్డారేమో, అది ఎవరి కబురూ వినదు, కాలు చెప్పిందే వింటుంది.

అంత చేశాక కూడా స్పేసర్ ప్రశ్న మిగిలింది. ఎందుకంటే పెట్రోలు మారింది. 1950లో ఆ కారు తాగిన పెట్రోలు వేరు, ఇప్పుడు ఇక్కడ బంకుల్లో దొరికేది వేరు. 10 శాతం ఇథనాల్ కలిపింది త్వరగా ఆవిరవుతుంది. ఎండలో నడిపి వచ్చి ఇంజన్ ఆపితే కింద మానిఫోల్డు వేడికి కార్బొరేటర్లో పెట్రోలు కుతకుత ఉడుకుతుంది, పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే పలకదు. ఇథనాల్ లేని కాలంలోనూ ఈ బాధ కొంత ఉండేది. పెట్రోలు గొట్టానికి బట్టలారేసే చెక్క క్లిప్పులు వరసగా తగిలించేవాళ్ళు, వేడి లాగేస్తాయని. అవి పని చేస్తాయో లేదో గాని చూడ్డానికి బాగుంటాయి. బేకలైటు లాంటి వేడి మొయ్యని పదార్థంతో చేసిన స్పేసర్ మాత్రం పని చేస్తుంది. ఇండియాలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చేసింది కాబట్టి అక్కడి పాత జీపుల వాళ్ళకి, అంబాసడర్ వాళ్ళకి ఈ గొడవ బాగానే తెలిసి ఉండాలి.

అన్నట్టు మొదటి అంబాసడర్లు ఫ్లాట్‌హెడ్‌లేనని చాలామందికి తెలియదు. అంతకు ముందు వచ్చిన హిందుస్థాన్ 14లోనూ, తొలినాటి అంబాసడర్‌లోనూ ఉన్నది మోరిస్ వారి 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజనే. 1959లో గాని నెత్తి మీద వాల్వుల ఇంజన్ రాలేదు. ఫోర్డు వీ-8 కూడా మనవైపుకి కొత్తది కాదు. కెనడా ఫోర్డు 1926లో ఇండియా కంపెనీ పెట్టింది, మద్రాసులోనూ బళ్ళు బిగించేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధంలో కెనడా నుంచి వచ్చిన ఫోర్డు మిలటరీ లారీల్లో ఉన్నది ఈ ఫ్లాట్‌హెడ్ వీ-8. యుద్ధమయ్యాక డిస్పోజల్ కింద అమ్మేసిన లారీల గురించి మన పెద్దవాళ్ళు చెబితే విని ఉంటారు. ఇక మహీంద్రా వాళ్ళ పాత జీపు, తహసీల్దార్ల జీపు, పోలీసు జీపు, అది సగం ఫ్లాట్‌హెడ్: గాలి వచ్చే వాల్వు నెత్తి మీద, పొగ పోయే వాల్వు పక్కన. మనవైపు డీజిలు బళ్ళలో ఈ బెజ్జమే లేదు. పాత డీజిలు ఇంజన్‌కి గాలికి అడ్డం పెట్టే రేకు ఉండదు, రేకు లేకపోతే వాక్యూమ్ లేదు. అందుకే బ్రేకు బూస్టర్ కోసం ఆల్టర్నేటర్ వెనకాల విడిగా వాక్యూమ్ పంపు తగిలిస్తారు. ఉచితంగా వచ్చినన్నాళ్ళూ దాని విలువ తెలియదు, కొనాల్సి వస్తే తెలుస్తుంది.

జీపు మాట వచ్చింది కనక ఇంకో సంగతి. యుద్ధకాలపు విల్లీస్ జీపుది నాలుగు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్. దాని మానిఫోల్డుకి ఒక చిన్న వాల్వు ఉండేది. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత పొగ కింద ఆయిల్ గదిలోకి జారుతుంది. మామూలు కార్లలో దాన్ని ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదికి వదిలేసేవాళ్ళు. జీపు వాగులు దాటాలి, ఆ గొట్టంలోంచి నీళ్ళు పైకి రాకూడదు. అందుకని ఆ పొగని మానిఫోల్డు వాక్యూమ్‌తో పీల్చి మళ్ళీ సిలిండర్లోకే పంపారు. ఇదే పీసీవీ వాల్వు. లాస్ ఏంజిలస్ పొగమంచు భరించలేక కాలిఫోర్నియా 1961 మోడళ్ళకి దాన్ని తప్పనిసరి చేసింది, 1963కల్లా దేశమంతటా వచ్చింది. ఫోర్డు ఫ్లాట్‌హెడ్ అప్పటికే పోయి పదేళ్ళు. ఆఖరి అమెరికన్ ఫ్లాట్‌హెడ్ కారు అనదగ్గ ర్యాంబ్లర్ మాత్రం 1965 దాకా లాక్కొచ్చింది.

పెద్దాయనకి తన ఫోర్డుకి పీసీవీ కావాలి. గ్యారేజీలో కంపు తగ్గుతుంది, ఆయిల్ నల్లబడి జిగురవ్వడం తగ్గుతుంది. వేడికి స్పేసర్ ఎలాగూ పెట్టాలి కాబట్టి ఆ స్పేసర్ పక్కనే పీసీవీ బెజ్జం తొలిస్తే సరిపోతుంది. ఇంత తేలికైన పనికి ఆయన మూడు వారాలు ఆలోచించాడు. కారణం ఇదీ. 1934 నుంచి ఫోర్డు వీ-8 మానిఫోల్డు రెండంతస్తులు. కార్బొరేటర్‌కి రెండు గొంతులు, ఒక్కో గొంతు ఒక్కో అంతస్తు ద్వారా నాలుగేసి సిలిండర్లకి గాలి ఇస్తుంది. రెండు వేరువేరు కన్నాలున్న స్పేసర్ పెట్టి, ఒక పక్కనుంచి బెజ్జం తొలిస్తే పీసీవీ గాలంతా నాలుగు సిలిండర్లకే పోతుంది. అవి పెట్రోలు చాలక ఎండిపోతాయి, మిగతా నాలుగు బాగుంటాయి. ఇంజన్ వణుకుతుంది, ఎందుకో తెలియదు. పోనీ స్పేసర్ మధ్య గోడ మొత్తం తీసేసి ఒకటే పెద్ద కన్నం చేస్తే? రెండంతస్తులూ కలిసిపోతాయి, తక్కువ వేగంలో లాగే బలం పడిపోతుంది. ఇంకా చిన్న చిన్న లెక్కలు బోలెడు. స్పేసర్ పెడితే గ్యాస్కెట్ ఒకటి బదులు రెండు, అంటే గాలి కారడానికి రెండు చోట్లు. బోల్టులు పొడుగువి కావాలి. యాక్సిలరేటర్ కడ్డీ కోణం మారుతుంది. అన్నిటికన్నా ముందు, పైన బానెట్ ఉంది. ఎయిర్ క్లీనర్ మీద మైనపు ముద్ద పెట్టి బానెట్ దించి, మళ్ళీ ఎత్తి, నలిగిన ముద్ద మందం కొలిచాడు. అర అంగుళం దిమ్మ పడుతుంది. అంగుళమైతే పట్టదు.

చివరికి అర అంగుళం ఫినాలిక్ పలకలో రెండు కన్నాలు విడివిడిగానే కోసి, మధ్య గోడలో ఒక సన్నటి అడ్డదారి తొలిచి, ఆ అడ్డదారికి బయటినుంచి పీసీవీ బెజ్జం కలిపాడు. రెండు పక్కలకీ సమానంగా గాలి పోతుంది. బిగించాక వాక్యూమ్ గేజి తగిలించాడు. 18 అంగుళాల దగ్గర ముల్లు నిలబడింది. కొట్టుకోలేదు. వాల్వు ఏదైనా సరిగ్గా మూసుకోకపోతే ముల్లు లయగా తొణుకుతుంది, గ్యాస్కెట్ దగ్గర గాలి కారితే ముల్లు తక్కువలో కూర్చుంటుంది. రెండూ లేవు. డిస్ట్రిబ్యూటర్ గొట్టం 94 కార్బొరేటర్‌కి, తన సొంత చోటుకి వెళ్ళిపోయింది. జూలైలో 90 డిగ్రీల ఎండలో హైవే ర్యాంపు మీద కాలు పూర్తిగా తొక్కి చూపించాడు నాకు. నీళ్ళ వేడి ముల్లు కదల్లేదు. అదే రోజు సాయంత్రం వాన పడింది. వైపర్లు మాత్రం వాక్యూమ్‌వే, వాటిని మార్చనన్నాడు. అప్పుడప్పుడూ కాలు తీస్తూ ఇంటికొచ్చాం.

మొన్న ఆ స్పేసర్ మళ్ళీ విప్పాడు. ఏమైనా కారుతోందా అని అడిగితే కాదన్నాడు. అక్షరాల అచ్చుల డబ్బా తెచ్చి, బెంచీ మీద స్పేసర్‌ని పక్కకి నిలబెట్టి, బెజ్జం పక్కన సుత్తితో ఒక్కో అక్షరమే కొట్టాడు: పీసీవీకి మాత్రమే, డిస్ట్రిబ్యూటర్‌కి కాదు. చెయ్యి కొంచెం వణుకుతోంది కనక అక్షరాలు వంకరగా పడ్డాయి. రెండోసారి కొట్టలేదు, ఉఫ్ మని పొడి ఊది, కొత్త గ్యాస్కెట్లు పెట్టి బిగించేశాడు.